రవీంద్రుడి రెండో వదిన

అందరికీ నమస్కారం.

రవీంద్రనాథ్ ఠాగూర్ వదిన అనగానే సాహిత్యం చదివేవాళ్ళకి వెంటనే కాదంబరీ దేవి గుర్తొస్తారు. అది సహజమే. తొమ్మిదేళ్ళ వయసులో ఆ ఇంటి కోడలై వచ్చి, తనకంటే రెండేళ్ళు చిన్నవాడైన మరిదికి ఆటల్లో తోడైన మనిషి ఆవిడ. 1875లో అత్తగారు పోయాక ఆ పిల్లవాడికి తల్లి లేని లోటు తెలియకుండా చూసుకున్నారు. అతను రాసిన పద్యాలు ముందుగా విన్నదీ, ఇంకా బాగా రాయాలి అని పోరు పెట్టిందీ ఆవిడే. పాతికేళ్ళు నిండకుండానే 1884 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకున్నారు. ఆ దుఃఖం రవీంద్రుణ్ణి ముసలితనంలో కూడా వదల్లేదు. దాని గురించి ఎన్నో వ్యాసాలు, నవలలు, సినిమాలు వచ్చాయి.

ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది మాత్రం అదే ఇంటికి ఆవిడకంటే పదకొండేళ్ళ ముందు వచ్చిన మరో వదిన గురించి. పేరు జ్ఞానదానందిని దేవి. రవీంద్రుడి రెండో అన్నగారు సత్యేంద్రనాథ్ భార్య. ఇంట్లో చిన్నవాళ్ళు ఆమెని మేజో బౌఠాన్ అనేవారు, అంటే రెండో వదినగారు. ఆమె మీద నాకు ఎంతో ప్రేమ. ఆ ఇంటి గురించి చదివిన కొద్దీ ఆ ప్రేమ పెరిగింది. ఎందుకంటే, ఆ కుటుంబంలో మనం మెచ్చుకునే చాలా విషయాల వెనక్కి వెళ్ళి చూస్తే అక్కడ ఈవిడ కనిపిస్తారు. పత్రిక, నాటకం, ఆడపిల్లల చదువు, చివరికి మనం చదువుకునే రవీంద్రుడి ఉత్తరాలు, వీటన్నింటి వెనకా ఈవిడ చెయ్యి ఉంది.

1850లో జెస్సోర్ జిల్లా పల్లెటూళ్ళో పుట్టారు. ఆ జిల్లా ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఏడేళ్ళకి పెళ్ళయింది. కలకత్తాలో జొరసాంకో ఠాగూర్ల భవనం ఎంత పెద్దదో మీకు తెలుసు. బోలెడంత మంది జనం, నౌకర్లు, బయటి మహలు, లోపలి మహలు. అంత ఇంట్లోకి పాలపళ్ళు కూడా ఊడని పిల్ల కోడలిగా అడుగుపెట్టింది. బాగా సన్నగా ఉండేదట. అందుకని అత్తగారు శారదా దేవి తన చేత్తో అన్నం కలిపి తినిపించేవారు. ఈ సంగతి జ్ఞానదానందిని తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. అత్తగారి గురించి చెప్పేటప్పుడు ఈ ముద్దని మరిచిపోకుండా చెప్పారు చూడండి, అది నాకు నచ్చింది. తర్వాతి కాలంలో ఆ ఇంటితో ఆమెకి ఎంత పెనుగులాట జరిగిందో చదివితే ఈ మాట విలువ ఇంకా తెలుస్తుంది.

మామగారు మహర్షి దేవేంద్రనాథ్. బ్రాహ్మసమాజానికి పెద్ద దిక్కు, విగ్రహారాధన వదిలేసిన మనిషి. అయినా ఇంటి ఆడవాళ్ళ విషయం వచ్చేసరికి పాత పద్ధతులే నడిచాయి. గడప దాటాలంటే మూసిన పల్లకీ ఉండాల్సిందే. గంగలో స్నానం చెయ్యాలని ఎవరైనా అడిగితే, బోయీలు ఆ పల్లకీని అలాగే మోసుకెళ్ళి, మనిషితో సహా నదిలో ముంచి తీసుకొచ్చేవారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఊపిరాడనట్టు అయింది. తలుపులు బిగించిన పెట్టెలో కూర్చుని నీళ్ళలో మునగడం. అదే గంగాస్నానం.

భర్త సత్యేంద్రనాథ్‌కి ఈ పరదా అంటే చిన్నప్పటి నుంచీ మంట. భార్యకి బయటి లోకం చూపించాలని తహతహలాడేవాడు. ఆయన ప్రాణస్నేహితుడు మనోమోహన్ ఘోష్‌కి ఈవిణ్ణి చూపించాలనుకున్నాడట. ఆమె బయటికి రాకూడదు, పరాయి మగవాడు లోపలికి వెళ్ళకూడదు. ఏం చెయ్యాలి? ఒక రాత్రి స్నేహితులిద్దరూ ఒకేలా అడుగులు వేసుకుంటూ, ఒక్క మనిషే నడుస్తున్నట్టు చప్పుడు చేసుకుంటూ లోపలికి వచ్చారు. మనోమోహన్‌ని మంచం మీద దోమతెర లోపలికి పంపి, సత్యేంద్రనాథ్ తను కూడా పడుకున్నాడు. దోమతెరలో ఒక పక్క ముసుగు వేసుకుని ఈ పిల్ల, ఇంకో పక్క ఆ కుర్రాడు. ఇద్దరూ సిగ్గుతో బిగుసుకుపోయారు. నోరు పెగల్లేదు. కాసేపయ్యాక మళ్ళీ అదే తీరులో అడుగులు కలుపుకుంటూ స్నేహితుణ్ణి బయటికి దాటించాడు.

చదివితే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పిల్లవైపు నుంచి ఆలోచించండి. దొరికిపోతే మాట పడేది ఎవరు? సంస్కరణ కావాలన్నది భర్త, గుండెలు దడదడలాడింది ఆ పిల్లకి. సత్యేంద్రనాథ్ అంటే నాకు గౌరవమే. కాకపోతే అందరూ ఆయన తెగువని పొగిడి, ఆయన అడిగినవన్నీ తన ఒంటి మీద, తన పరువు మీద మోసినామెని మాత్రం భర్త చెప్పినట్టు విన్న భార్యగా చూస్తారు. అది నేను ఒప్పుకోను.

1862లో ఆ స్నేహితులిద్దరూ కలిసి ఇంగ్లండ్ వెళ్ళారు. మరుసటి ఏడే సత్యేంద్రనాథ్ ఐసీఎస్ గెలిచారు. భారతీయుల్లో మొట్టమొదటివారు ఆయనే. అక్కణ్ణుంచి భార్యకి ఉత్తరాలు రాసేవారు. ఇక్కడి ఆడవాళ్ళు ఎలా తిరుగుతున్నారో, ఎలా చదువుకుంటున్నారో చెబుతూ, నువ్వు పెద్దదానివై, చదువుకుని, అన్ని విధాలా ఎదిగే దాకా మనం భార్యాభర్తల్లా ఉండవద్దు అని రాశారు. ఆమెని కూడా ఇంగ్లండ్ పంపమని తండ్రిని అడిగితే మహర్షి ఒప్పుకోలేదు.

ఈ లోపు ఇంట్లో చదువు మొదలైంది. మరిది హేమేంద్రనాథ్ ఇంటి ఆడవాళ్ళని కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారు. వదినలు, మరదళ్ళు తలల మీద ముసుగులు లాక్కుని ఆయన ముందు కూర్చునేవారు. ఆయన గట్టిగా కసిరితే ఉలిక్కిపడేవాళ్ళమని జ్ఞానదానందిని రాసుకున్నారు. అలా భయపడుతూ భయపడుతూనే మైకేల్ మధుసూదన్ దత్ మేఘనాద వధ కావ్యం దాకా చదివేశారు. బెంగాలీలో అది తేలిక పుస్తకం కాదు.

1864లో సత్యేంద్రనాథ్ తిరిగొచ్చారు. ఉద్యోగం బొంబాయి రాష్ట్రంలో. ఈసారి భార్యని వెంట తీసుకెళ్తానన్నారు, తండ్రి సరే అన్నారు. వెంటనే ఒక చిక్కు వచ్చిపడింది, ఏం కట్టుకుని వెళ్ళాలి? అప్పట్లో బెంగాలీ ఇళ్ళలో ఆడవాళ్ళు ఒంటి మీద ఒక్క చీర చుట్టుకునేవారు. లోపల లంగా ఉండదు, రవిక ఉండదు. లోపలి మహల్లో తిరగడానికి సరిపోతుంది గానీ ఓడ ఎక్కి పదిమందిలోకి వెళ్ళడానికి పనికిరాదు. అందుకని ఫ్రెంచి దర్జీల చేత ఏదో డ్రెస్సు కుట్టించారు. తనంతట తాను వేసుకోవడానికి కూడా రాని డ్రెస్సు అది. ఇల్లు దాటే దగ్గర కూడా పేచీ వచ్చింది. ఇంటి కోడలు బయటి వాకిలి దాకా నడిచి బండెక్కడమేమిటని పెద్దలు పట్టుబట్టి, పల్లకీలోనే పంపించారు.

బొంబాయిలో మొదట మానెక్‌జీ కర్సెట్జీ అనే పార్సీ పెద్దమనిషి ఇంట్లో ఉన్నారు. ఆడపిల్లల కోసం అక్కడ అలెగ్జాండ్రా పేరుతో బడి నడిపించిన సంస్కర్త ఆయన. ఆ ఇంటి ఆడపిల్లలు పదిమందిలో తిరుగుతారు, మాట్లాడతారు, చీర చక్కగా కట్టుకుంటారు. పద్నాలుగేళ్ళ జ్ఞానదానందిని వాళ్ళని చూసి నేర్చుకున్నారు. అలాగని వాళ్ళ కట్టునే తెచ్చుకోలేదు. పార్సీవాళ్ళు కొంగు కుడి భుజం మీదికి తెస్తారు. ఈవిడ ఎడమ భుజం మీదికి మార్చారు, పని చేసే చెయ్యి ఖాళీగా ఉంటుందని. లోపల లంగా, పైన రవిక, కాళ్ళకి జోళ్ళు. తర్వాత బ్రాహ్మసమాజం ఆడవాళ్ళు ఎక్కువగా కట్టడంతో దీనికి బ్రాహ్మిక చీర అని పేరొచ్చింది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. ఈ చీరకట్టు గురించి పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది, చీరకట్టు మార్చిన ఠాగూర్ల కోడలు అని. నాకు దానికంటే గొప్పగా తోచింది తర్వాత ఆమె చేసిన పని. 1871లో బామాబోధిని పత్రికలో ఒక ప్రకటన వేయించారు. ఈ కట్టు నేర్చుకోవాలనుకునే వాళ్ళెవరైనా వస్తే నేర్పిస్తానని. ఆడవాళ్ళ కోసం నడిచిన పత్రిక అది. ఆలోచించండి. అంత పెద్దింటి కోడలు, ఐసీఎస్ గారి భార్య. తను మంచి బట్ట కట్టుకుని తన దారిన తను తిరిగితే అడిగేవారెవరు? కానీ అందరినీ రమ్మన్నారు. ఆమె జీవితంలో ఈ గుణం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. నేర్చుకున్నది ఏదీ తన దగ్గరే ఉంచుకోలేదు. తను ఒక గడప దాటితే వెనక్కి తిరిగి ఇంకొకరిని చెయ్యి పట్టుకుని దాటించారు. నేను ఆమెని తలుచుకునేది అందుకు.

ఇది అంత సుఖంగా జరగలేదు. రెండేళ్ళ తర్వాత బొంబాయి నుంచి జొరసాంకో తిరిగొచ్చినప్పుడు, దొరసానిలాగా అందరి కళ్ళ ముందూ బండి దిగి నడిచి లోపలికి వచ్చారు. ఆ రోజు ఇంట్లో ఎలాంటి శోకం రేగిందో మాటల్లో చెప్పలేనని ఆడపడుచు స్వర్ణకుమారి దేవి రాశారు. కోడలు నడిచి వచ్చినందుకు శోకం! ఇంట్లో మిగతా ఆడవాళ్ళు ఆమెతో కలిసి తిరగడానికి, తినడానికి జంకారు. సొంత ఇంట్లోనే వెలివేసినట్టు అయింది. ఆ కాలంలోనే వైస్రాయ్ లార్డ్ లారెన్స్ ఇచ్చిన విందుకి వెళ్ళారు. హిందూ కుటుంబంలోంచి ఒక ఆడది అక్కడికి రావడం ఎవరూ ఎరగరు. ఎవరో భోపాల్ బేగం వచ్చారనుకున్నారట. పాథురియాఘాట ఠాగూర్ల పెద్ద ప్రసన్నకుమార్ ఠాగూర్ కూడా ఆ విందులో ఉన్నారు. తమ వంశపు కోడలు అక్కడ కనిపించేసరికి సిగ్గుతో, కోపంతో లేచి వెళ్ళిపోయారు.

ఆవిడకి పదహారేళ్ళు అప్పుడు. పదహారేళ్ళ పిల్లని చూసి ఒక పెద్దమనిషి సభ వదిలి వెళ్ళిపోతే ఆ పిల్ల ఏమనుకుంది? భయపడిందో, ఏడ్చిందో, తల ఎత్తుకునే నిలబడిందో. నాకు తోచేది ఒక్కటే. తర్వాత ఆమె వెనక్కి తగ్గిన సందర్భం ఎక్కడా కనపడదు.

1877లో ఇంకో పెద్ద సాహసం చేశారు. సత్యేంద్రనాథ్‌కి అప్పుడే సెలవు దొరకలేదు. ఆయన లేకుండా, ముగ్గురు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని, గర్భవతిగా ఉండి ఇంగ్లండ్‌కి ఓడెక్కారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. పిల్లల్లో పెద్దవాడు సురేంద్రనాథ్‌కి అయిదేళ్ళు, అమ్మాయి ఇందిరకి నాలుగు కూడా నిండలేదు. ఆ దేశంలో పుట్టిన బిడ్డ దక్కలేదు. చంటివాడు కవీంద్రనాథ్ కూడా అక్కడే పోయాడు. భర్త పక్కన లేని దేశంలో ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి గురించి నేను ఎక్కువ మాట్లాడలేను.

1878లో సత్యేంద్రనాథ్ వెళ్ళినప్పుడు తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళారు. మన రవీంద్రుడు, పదిహేడేళ్ళవాడు. బడి అంటే పడదు, చదువు అబ్బడం లేదని ఇంట్లో అందరూ ఆశ వదులుకున్న కుర్రాడు. అంతకుముందు కొన్ని నెలలు అహ్మదాబాద్‌లో అన్నగారి బంగళాలో, వదినా పిల్లలూ లేని ఖాళీ ఇంట్లో పుస్తకాలతో గడిపాడు. ఇప్పుడు బ్రైటన్ దగ్గర వదిన ఇంట్లో దిగాడు. పరాయి దేశంలో అడుగు పెట్టినా అతనికి అది తన ఇల్లే అయింది. సురేన్, ఇందిర బాబాయి వెంటే. మొదటిసారి మంచు కురిసిన రాత్రి బయటికి వెళ్ళి చూస్తే వెన్నెల్లో నేలంతా తెల్లగా కనిపించడం ఆయన పెద్దయ్యాక కూడా రాసుకున్నారు. అప్పుడే బిడ్డల్ని పోగొట్టుకున్న ఇల్లు అది. అదే ఇంట్లో ఈ కుర్రాడికి కాలక్షేపం, ఆప్యాయత దొరికాయి. అవి ఎవరు ఇస్తే వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

మనదేశం వచ్చాక ఆమె జొరసాంకో భవనంలో ఉండిపోలేదు. కలకత్తాలోనే వేరే ఇళ్ళు తీసుకుని పిల్లలతో ఉన్నారు. ఉమ్మడి ఇల్లు వదిలి కోడలు వేరుగా ఉండటం ఆ రోజుల్లో పెద్ద తప్పు. అయితే ఆ ఇల్లు కుటుంబాన్ని విడగొట్టలేదు. జొరసాంకో పిల్లలందరూ అక్కడికి చేరేవారు. ఇంట్లో పిల్లల పుట్టినరోజులు చెయ్యడం మొదలైంది అక్కడే. అది చూసిన స్వర్ణకుమారి కూతురు సరళ 1887లో ఒక పొద్దున్నే వెళ్ళి, పొగడపూల దండ, బట్టలు, ఒక పుస్తకం పెట్టి రవి మామయ్య పుట్టినరోజు చేసింది. ఆయన పుట్టినరోజు జరగడం అదే మొదటిసారి. ఇవాళ దేశమంతా చేసుకునే రవీంద్ర జయంతి ఆ ఇంట్లో మేనకోడలి చేతుల మీదుగా మొదలైందన్నమాట.

1883లో రవీంద్రుడి పెళ్ళి. సంబంధం వెతకడానికి ఆమె తన పుట్టినిల్లున్న జెస్సోర్ వైపు బయల్దేరారు. వెంట మరుదులు జ్యోతిరింద్రనాథ్, రవీంద్రుడు, జ్యోతిరింద్రనాథ్ భార్య కాదంబరీ దేవి, పిల్లలు. చివరికి కుదిరిన పెళ్ళికూతురికి పదేళ్ళు నిండలేదు. ఈ ఒక్క విషయం నాకు మింగుడుపడదు. ఏడేళ్ళకే అత్తారింటికి వచ్చి అన్ని కష్టాలు పడిన మనిషి, మరిదికి మళ్ళీ చిన్నపిల్లనే తెచ్చారు. మహర్షి మాట కాదనే దారి లేకపోవచ్చు, కాలం అలాంటిది కావచ్చు. అయినా బాధగానే ఉంటుంది. కాకపోతే పెళ్ళయ్యాక ఆ పిల్లని, అంటే మృణాళినీ దేవిని, తన దగ్గర పెట్టుకుని లొరెటో స్కూల్లో చదువుకి పంపే ఏర్పాటు జరిగింది. తన కాలంలో ముసుగు వేసుకుని మరిది ముందు వణుకుతూ నేర్చుకున్న చదువు, ఇప్పుడు తోటికోడలికి బడిలో దొరికింది.

మరుసటి ఏడు కాదంబరి పోయారు. ఆ భర్త జ్యోతిరింద్రనాథ్ ఎంతటి కళాకారుడో! నాటకాలు రాస్తాడు, బాణీలు కడతాడు, బొమ్మలు గీస్తాడు. భార్య పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఎక్కువకాలం ఈ అన్నావదినల పక్కనే గడిపాడు. ముసలితనంలో కూడా ముగ్గురూ రాంచీలోనే ఉన్నారు. ఇద్దరు వదినల మధ్య అంత పొసగలేదని కొందరు రాస్తారు. ఉండవచ్చు. నేను ఒకరిని ఎక్కువ చేసి ఇంకొకరిని తక్కువ చెయ్యను. ఒకావిడ బయటికి రాగలిగారు, దానికి భర్త ఉద్యోగం, దూరపు ఊళ్ళు, పిల్లలు, సొంత సంసారం కలిసొచ్చాయి. ఇంకొకావిడకి అవేవీ లేవు. ఎవరి ధైర్యాన్నైనా వాళ్ళ చుట్టూ ఉన్న గోడలతో కలిపే చూడాలి.

ఇక 1885. మొత్తం ప్రసంగంలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది. ఇంట్లో పెరుగుతున్న పిల్లలు సుధీంద్ర, బలేంద్ర, సరళ లాంటివాళ్ళు ఏవో రాస్తుండేవారు. వీళ్ళ రాతలు అచ్చులో చూడాలని వదినగారికి పట్టుదల. పిల్లల కోసం బాలక్ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. సంపాదకురాలు ఆవిడే. పిల్లల రాతలతోనే పత్రిక నిండదని తెలుసు కాబట్టి రవీంద్రుణ్ణి కూడా పనిలోకి దించారు. ఒక్కసారి నెలనెలా పత్రిక నింపాల్సిన బాధ్యత మీద పడితే రాసేవాడికి ఎంత టెన్షనో, పత్రికల్లో పనిచేసినవాళ్ళు మీలో ఉంటే తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే రవీంద్రుడు దేవఘర్ వెళ్ళి రాత్రి రైల్లో తిరిగి వస్తున్నారు. పెట్టె నిండా జనం. సరిగ్గా కళ్ళ మీద దీపం. నిద్ర పట్టలేదు. ఎలాగూ నిద్ర లేదు కదా, బాలక్‌కి ఒక కథైనా ఆలోచిద్దామని కళ్ళు మూసుకున్నారు. కథ రాలేదు, నిద్ర వచ్చింది. నిద్రలో ఒక కల. గుడి మెట్ల మీద బలి ఇచ్చిన నెత్తురు. ఒక చిన్నపిల్ల అది చూసి బెదిరిపోయి, నాన్నా ఇదేమిటి, ఇది నెత్తురు కదా అని అడుగుతోంది. తండ్రి లోపల కదిలిపోతూ, పైకి మాత్రం పిల్లని ఎలాగైనా మాట మళ్ళించాలని చూస్తున్నాడు. లేచాక ఆ కలకి త్రిపుర రాజు గోవింద మాణిక్యుడి చరిత్ర జోడించి రాజర్షి అనే నవల బాలక్‌లో వరసగా రాశారు. దాన్నుంచే 1890లో విసర్జన్ నాటకం వచ్చింది. బలి గురించి, మతం పేరుతో జరిగే హింస గురించి మన దేశంలో వచ్చిన గొప్ప నాటకాల్లో ఒకటి.

ఇది నేను కట్టిన కథ కాదు, ఆయన తన జీవిత స్మృతుల్లో చెప్పుకున్నదే. వదిన పత్రిక పెట్టకపోతే ఆ రాత్రి పిల్లల కోసం కథ వెతుక్కునే పనే ఆయనకి లేదు. పత్రిక ఏడాదే నడిచింది. తర్వాత ఇంటి పత్రిక భారతిలో కలిపేశారు. అయితేనేం? ఆ ఒక్క ఏడాది ఎంత పని చేసింది!

నాటకాల సంగతి కూడా చెప్పాలి. రవీంద్రుడి రాజా ఓ రాణీ వాళ్ళ ఇంట్లోనే ఆడినప్పుడు రాజు విక్రముడు రవీంద్రుడు, రాణి సుమిత్ర జ్ఞానదానందిని. ఆవిడకి అప్పటికి నలభై ఏళ్ళు దగ్గరపడ్డాయి. వదినా మరిదీ రాజూ రాణిగా వేషం కట్టడమేమిటని ఒక పత్రిక దుమ్మెత్తి పోసింది. కుటుంబం మాత్రం నాటకాలు ఆపలేదు. ఆ ఇంటి ఆడపిల్లలు రంగం ఎక్కడం అప్పటికే మొదలైంది. హేమేంద్రనాథ్ కూతురు ప్రతిభ 1881లోనే వాల్మీకి ప్రతిభలో సరస్వతిగా వేసింది. ఇప్పుడు ఇంటి పెద్ద కోడళ్ళలో ఒకరే ముఖానికి రంగు వేసుకుని నిలబడితే చిన్నవాళ్ళకి ఇంకెవరి అనుమతి కావాలి?

ఆమె స్వయంగా రాసింది ఎక్కువేమీ కాదు. పిల్లల కోసం సాత్ భాయ్ చంపా, టాక్ డుమా డుమ్ అనే జానపద కథల్ని నాటకాలుగా రాశారు. రచయిత్రిగా ఆడపడుచు స్వర్ణకుమారి చాలా పెద్ద పేరు. జ్ఞానదానందిని శక్తి మనుషుల్ని తయారు చెయ్యడంలో ఉంది. పిల్లలిద్దర్నీ చూడండి.

కూతురు ఇందిర 1892లో బీఏ ప్యాసయ్యారు. ఫ్రెంచి బాగా వచ్చు, పియానో వచ్చు, మన సంగీతం వచ్చు. పద్మా నది మీద పడవలో ఉండి, జమీందారీ పనులు చూసుకుంటూ రవీంద్రుడు 1887 నుంచి 1895 దాకా ఈ అన్న కూతురికి ఉత్తరాలు రాశారు. నది, ఎండ, రేవుల్లో మనుషులు, సాయంకాలాలు, అన్నీ ఉన్నాయి వాటిలో. ఇందిర వాటిలో ముఖ్యమైన భాగాలన్నీ నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసి దాచి బాబాయికి ఇచ్చారు. 1912లో అవే ఛిన్నపత్ర అనే పుస్తకంగా వచ్చాయి. ఆయన వచనంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం. అలాంటి ఉత్తరాలు రాయాలంటే అర్థం చేసుకునే మనిషి అవతల ఉండాలి. ఆ అమ్మాయిని అలా పెంచిన తల్లి ఈవిడ. రవీంద్రుడి పాటలకి స్వరలిపి రాసి పదిలపరిచిన వాళ్ళలో కూడా ఇందిర ఉన్నారు. 1956లో విశ్వభారతికి కొంతకాలం ఉపకులపతిగా పనిచేశారు. ఏడేళ్ళకి పెళ్ళయి, పరదా చాటున అక్షరాలు దిద్దిన ఆవిడ కూతురు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి! ఒక్క తరంలో జరిగిన ప్రయాణం ఇది.

కొడుకు సురేంద్రనాథ్ రవీంద్రుడి జీవిత స్మృతుల్ని, ఘరే బాయిరే నవలని ఇంగ్లీషులోకి అనువదించారు. బయటి ప్రపంచానికి రవీంద్రుడి వచనం అందిన దారుల్లో ఈ రెండో వదిన కొడుకు చెయ్యి ఒకటి. బ్రైటన్‌లో బాబాయితో మంచులో ఆడుకున్న పిల్లలు వీళ్ళే.

రవీంద్రుడి గొప్పదనం మొత్తం ఈవిడ వల్లే వచ్చిందని నేను అనడం లేదు. ఆయన ప్రతిభ ఆయనది. కాకపోతే ప్రతిభకి కూడా రంగస్థలం కావాలి, నెల తిరిగేసరికి రాత అడిగే పత్రిక కావాలి, ఉత్తరం అందుకునే మనిషి కావాలి, పరాయి దేశంలో అన్నం పెట్టే ఇల్లు కావాలి. ఆ ఏర్పాట్లు చేసిన వాళ్ళ పేర్లు సాహిత్య చరిత్రలో ఒక వాక్యంలోనో, అడుగున చిన్న అక్షరాల్లోనో ఉంటాయి. జ్ఞానదానందినికి ఎక్కువగా దక్కింది చీరకట్టు గురించిన వాక్యమే. అది చాలదని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

సత్యేంద్రనాథ్ 1923లో, జ్యోతిరింద్రనాథ్ 1925లో పోయారు. 1941 ఆగస్టు 7న రవీంద్రుడు పోయారు. తనకంటే పదకొండేళ్ళు చిన్నవాడైన మరిది వెళ్ళిపోయిన తర్వాత రెండు నెలలు కూడా గడవకుండా, అక్టోబరు 1న తొంభై ఒక్క ఏళ్ళ వయసులో ఆవిడ వెళ్ళిపోయారు. మరిదిని సాగనంపిన జనసముద్రం గురించి ప్రపంచమంతా చదివింది. వదినగారిని తలుచుకునే పని ఇంకా మనకి మిగిలే ఉంది.

1957లో, తనకి ఎనభై దాటాక, ఇందిరా దేవి తల్లి జ్ఞాపకాలనీ, ఇంగ్లండ్ నుంచి తండ్రి రాసిన ఉత్తరాలనీ కలిపి పురాతనీ పేరుతో పుస్తకంగా తెచ్చారు. నేను చెప్పిన దోమతెర సంగతి, అత్తగారి అన్నం ముద్ద, హేమేంద్రనాథ్ కసుర్లు అందులోవే. బెంగాలీ చదవగలిగినవాళ్ళు ఈ సభలో కనీసం ఒకరిద్దరైనా ఉంటారని నా నమ్మకం. వాళ్ళకి నా విన్నపం ఒకటుంది. సభ అయ్యాక నన్ను కలవండి. అందులో ఆమె తన నోటితో చెప్పుకున్న భాగాన్ని మనం కలిసి తెలుగు చేద్దాం. పెద్ద పుస్తకం కాదు, పూనుకుంటే అయ్యే పనే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.